పాత వ్యాన్‌లో దూరప్రయాణం: గోదావరి డెల్టా వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమ. ఇంట్లో 1988 మోడల్ మటడోర్ ఒకటి ఉంది. మా పెదనాన్నగారు దాన్నిండా అరటిగెలలు వేసుకుని రావులపాలెం మార్కెట్టుకి తోలేవారు. ఆయన పోయాక పదేళ్ళు కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద ఉండిపోయింది. దాన్ని బయటికి తీసి, బాగు చేయించి, లోపల పడకలూ పొయ్యీ పెట్టుకుని ఇంటిల్లిపాదీ కన్యాకుమారి వెళ్ళొచ్చాం. అప్పట్నుంచి మా దగ్గర కూడా పాత వ్యాను ఉందండీ, ఏం చెయ్యమంటారు అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగిన ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఏ బండి అయితే మంచిదండి?

స్పేర్లు దొరికే బండి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా, తిరువణ్ణామలై దగ్గర ఆగిపోతే దాని వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నొక్కే భాగం) దొరకదంటే ఆ బండి మీద దూరం వెళ్ళలేం.

మన దగ్గర ఎక్కువగా కనబడేవి మటడోర్, టెంపో ట్రావెలర్, మారుతి ఓమ్ని. మటడోర్ బజాజ్ టెంపో వాళ్ళది, ఆ కంపెనీ పేరే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. మా బండిలో ఉన్నది మెర్సిడెస్ వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారు చేసిన ఓఎం616 డీజిల్ ఇంజిన్, 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు. టైమింగ్‌కి బెల్టు కాదు, చెయినే. ఆయిలు మారుస్తూ ఉంటే చాలాకాలం మన్నే ఇంజిన్. ఇది ముందు చక్రాల డ్రైవ్ కాబట్టి వెనక ఇరుసుకి తిరిగే షాఫ్టు ఉండదు, నేల కిందకి ఉంటుంది, చంటిపిల్లలూ పెద్దవాళ్ళూ సులువుగా ఎక్కుతారు. ఓమ్ని 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి 2019 దాకా తయారైంది కనక దాని సామాను ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, కానీ 796 సీసీ ఇంజిన్ ఇద్దరికి సరిపోతుంది, నలుగురికీ సామానుకీ చాలదు. విదేశీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు అందమైనవే, కాదనను. స్పేర్లు బయటి దేశాల నుంచి తెప్పించుకునే ఓపికా, గాలితో చల్లబడే ఇంజిన్ తెలిసిన మెకానిక్కూ ఉంటేనే వాటి జోలికి వెళ్ళండి.

బండి తెచ్చాం. ముందు లోపల మంచాలూ కబోర్డులూ చేయించెయ్యమంటారా?

వద్దండి. అందరూ ఇక్కడే డబ్బు పాడు చేసుకుంటున్నారు. చెక్కపని అయ్యాక నేల రేకు పుచ్చిందని తెలిస్తే చేసిందంతా ఊడదియ్యాలి. చాసిస్, బ్రేకులు, స్టీరింగు, కూలింగు, డీజిల్ లైను, వైరింగు అన్నీ అయ్యాక, బండి కనీసం 500 కిలోమీటర్లు తిరిగాక, అప్పుడు వడ్రంగిని పిలవండి. చేతిలో వంద రూపాయలుంటే అరవై బండి కిందా ఇంజిన్‌లోనూ పెట్టండి. మిగతా నలభైలో పడకలూ కర్టెన్లూ ఎంతవరకు వస్తే అంతే.

మన డెల్టాలో తుప్పు నిజంగా అంత సమస్యా? బండి పైకి బాగానే కనబడుతోంది.

పైకి బాగానే కనబడుతుంది. మా బండి స్లైడింగ్ డోరు కింద గడప దగ్గర పెయింటు మీద పెసరగింజంత పొక్కులు మూడు ఉండేవి, అంతే. ఒకరోజు స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా నొక్కితే పిడి దాకా లోపలికి దిగిపోయింది. తిప్పి లాగేసరికి గడప లోపల నుంచి ఇంకా తడి ఆరని నల్లమట్టి ఒక దోసెడు రాలింది. ఆ మట్టి ఏ సంవత్సరపు వానలో అక్కడ చేరిందో గానీ నీళ్ళు బయటికి పోవాల్సిన చిల్లులన్నీ మూసేసి, రేకుని లోపల్నుంచి తినేసింది. పైనున్నది పుట్టీ, దానిమీద పెయింటు.

మన గాలిలో తేమ, సముద్రం వైపు మండలాల్లో ఉప్పుగాలి, పైగా భీమవరం, నరసాపురం వైపు రోడ్ల మీద చేపల బండ్ల నుంచి కారే నీళ్ళు. ఉప్పు తగిలిన ఇనుము మామూలు కంటే చాలా త్వరగా తుప్పు పడుతుంది. అందుకని బండి కొనేముందు చిన్న సుత్తి పట్టుకుని కింద పడుకుని చూడండి. గడపలు, చక్రాల పైన గిన్నెలు, కమానుకట్టలు పట్టుకునే బ్రాకెట్లు, ముందు అద్దం కింద మూలలు, స్టెప్నీ ఉండే చోటు చూడాలి. గట్టి ఇనుము టంగుమంటుంది, పుచ్చింది డబడబమంటుంది. అయస్కాంతం అతుక్కోకపోతే అక్కడ ఉన్నది పుట్టీ.

పుచ్చిన చోట కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. దాని మీదే పుట్టీ వేసి మూసేస్తామనే టింకరింగ్ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చెయ్యండి. చాసిస్ మీద, కమానుకట్టల బ్రాకెట్ల మీద మాత్రం అనుభవం ఉన్న వెల్డరే చెయ్యి వెయ్యాలి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పెయ్యండి, దగ్గర్లో డీజిల్ ట్యాంకు ఉంటే దింపెయ్యండి. అంతా అయ్యాక గడపల్లో మూసుకుపోయిన చిల్లులు తెరిచి, లోపలికి మైనం లాంటి తుప్పు నిరోధకం కొట్టించండి.

కింద పాత ఇంజినాయిలు కొట్టిస్తే తుప్పు పట్టదంటారు, నిజమేనా?

మా నాన్నగారి తరం అంతా అదే చేసింది. రేకుకి కొంత ఉపయోగమే. కానీ ఆయిలు తగిలిన రబ్బరు బుష్షులూ బ్రేక్ హోసులూ ఉబ్బి పాడవుతాయి, కారిందంతా చివరికి మన పంటకాలవలోకే పోతుంది. రబ్బరు జాతి అండర్‌కోటింగ్ కొట్టించుకోండి, అది కూడా తుప్పు పూర్తిగా గీకించాకే. తుప్పు మీద కొట్టిస్తే లోపల తేమ బందీ అయిపోయి ఇంకా పాడుచేస్తుంది. బండి కింద కడిగేటప్పుడు నీళ్ళు ఏవో చూసుకోండి. తీరం వైపు ఊళ్ళల్లో బోరునీళ్ళు ఉప్పన, వాటితో కడిగితే కడిగిన ఫలితమే ఉండదు.

ఏళ్ళ తరబడి కదలని బండి. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టెయ్యొచ్చా?

కొట్టకండి, దయచేసి. ఒక్క పూట ఆత్రం మొత్తం ఇంజిన్‌నే తినేస్తుంది.

ముందు ట్యాంకులో పాత డీజిల్ తీసెయ్యండి. సగం నిండిన ట్యాంకులో మన తేమకి లోపలి గోడల మీద నీళ్ళు పట్టి అడుక్కి చేరతాయి, నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య నల్లగా జిగురులాంటి పాచి పెరుగుతుంది. ట్యాంకు దింపి కడిగించి, ఫిల్టర్లు మార్చండి. ఇంజినాయిలు, ఆయిల్ ఫిల్టరు కొత్తవి వెయ్యండి. హీటర్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లోకి రెండు చెంచాల ఆయిలు పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. తెల్లారాక చేత్తో, అంటే పెద్ద స్పానర్‌తో, ఇంజిన్‌ని మెల్లగా రెండు చుట్లు తిప్పండి. తిరిగితే సంతోషం. తిరక్కపోతే బలవంతం చెయ్యకుండా ఇంకొన్ని రోజులు నాననివ్వండి.

ఎలకలు, కందిరీగలు, పందికొక్కులు కాపురం పెట్టని బండి కొబ్బరితోటలో ఉండదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా, సైలెన్సరు గొట్టం, ట్యాంకు గాలి గొట్టం విప్పి చూడండి. మా బండి ట్యాంకు గాలి గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. అది చూడకుండా నడిపి ఉంటే ట్యాంకులోకి గాలి వెళ్ళక, డీజిల్ రాక, బండి పది కిలోమీటర్లకోసారి ఆగేది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి చేతిలో గాలి గొట్టానికి సరిపడే చెక్క పట్టుకుని పక్కనే ఉండాలి. చాలాకాలం ఆగిన డీజిల్ పంపులో లోపలి ర్యాక్ (డీజిల్ ఎంత పోవాలో చూసే కడ్డీ) బిగుసుకుపోతే ఇంజిన్ తాళానికి ఆగదు, స్పీడు దానంతటదే పెరిగిపోతుంది. అప్పుడు గాలి దారి చెక్కతో మూసెయ్యడమే దాన్ని ఆపే మార్గం. అరచెయ్యి మాత్రం పెట్టకండి.

ఊళ్ళో తిరిగితే ఇంజిన్ చల్లగానే ఉంటోంది. కూలింగ్ పని చేయించాలా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. మన నేల చాప పరిచినట్టు ఉంటుంది. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళినా, పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళినా బండి ఎక్కే ఎత్తు అంటే వంతెన అప్రోచి ఒక్కటే. అందుకని సగం మూసుకుపోయిన రేడియేటరూ, సగం అరిగిన బ్రేకులూ మన రోడ్ల మీద ఏళ్ళ తరబడి బయటపడవు. బండి బాగుందని మనం నమ్మేస్తాం. నిజం మొదటి ఘాటులో, అంటే కొండదారిలో, తెలుస్తుంది.

రేడియేటర్ దింపి రాడ్డింగ్ (గొట్టాల్లోకి సన్నటి ఊచలు దూర్చి శుభ్రం చెయ్యడం) చేయించండి. మన బోరునీళ్ళు ఏళ్ళ తరబడి పోసిన రేడియేటర్ అయితే గొట్టాల్లో తెల్లగా సున్నం గడ్డకట్టి ఉంటుంది. తరవాత డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ తప్ప ఇంకేమీ పొయ్యొద్దు. హోసులన్నీ మార్చండి. వేలితో నొక్కినప్పుడు పగుళ్ళు కనబడినా, మెత్తగా ముద్దలా అయినా అది అయిపోయినట్టే. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్ళు పోకుండా ఆపే వాల్వు) తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని కొంతమంది మెకానిక్కులు తీసి పారేస్తారు. అది తప్పు, కొత్తది వేయించండి. ఇంజిన్ తగిన వేడికి రాకుండా నడిస్తే డీజిల్ సరిగ్గా మండదు, సిలిండర్లు అరుగుతాయి. టెంపరేచర్ మీటర్ పని చెయ్యకపోతే బండి గడప దాటకూడదు.

బ్రేకుల విషయంలో ఏమేం మార్చాలి?

రబ్బరు ఉన్న ప్రతిదీ. మాస్టర్ సిలిండర్ కిట్టు, నాలుగు చక్రాల వీల్ సిలిండర్ల బకెట్లు (లోపలి రబ్బరు వాషర్లు), హోసులు. సిలిండర్ లోపల గుంటలు పడితే కిట్టు వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. ఇనప పైపులు చాసిస్‌కి క్లిప్పు పెట్టిన చోట తుప్పు పట్టి పలచబడతాయి, క్లిప్పు ఎత్తి చూడండి.

బ్రేక్ ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ పెరిగేకొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. ఘాటు దిగేటప్పుడు డ్రమ్ములు కాగి ఆ ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరి పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి పూర్తిగా మార్చాలి, మన తేమకి ఇంకా ముందే మార్చినా తప్పులేదు. హ్యాండ్ బ్రేకు కూడా వాలు మీద పరీక్షించండి. రావులపాలెం దగ్గర హైవే వంతెన ఎక్కే వాలు చాలదు, నిజమైన కొండవాలు కావాలి.

టైర్లలో గాడి బాగానే ఉంది, మార్చాలా?

గాడి కాదు, వయసు చూడండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్ళు దాటితే గాడి ఎంత ఉన్నా దూరప్రయాణానికి వద్దు. స్టెప్నీ కూడా లెక్కే. ట్యూబు టైర్లయితే రెండు ట్యూబులు అదనంగా వేసుకోండి.

డీజిల్ బండి దారిలో ఉన్నట్టుండి ఆగిపోతే?

నూటికి ఎనభై సార్లు ఎయిర్ పట్టిందనే అనుకోండి. ఎక్కడో హోసు క్లిప్పు వదులై గాలి పీల్చుంటుంది, లేదా ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది. ఫిల్టరు మీద బ్లీడింగ్ బోల్టు కొంచెం వదులు చేసి, పంపు పక్కనున్న చేతి ప్రైమర్ కొడుతూ ఉండండి. ముందు నురగ వస్తుంది, తరవాత బుడగలు, ఆఖరికి బుడగల్లేని సన్నటి డీజిల్ ధార. ధార రాగానే కొట్టడం ఆపకుండా బోల్టు బిగించాలి. ఇంటి దగ్గరే రెండుసార్లు ఫిల్టరు విప్పి, బిగించి, ఇది చేతికి అలవాటు చేసుకోండి. మా ఆవిడా నేనూ ఇద్దరం నేర్చుకున్నాం. ఉళుందూర్‌పేట దాటాక రాత్రి ఎనిమిదింటికి ఆగిపోయినప్పుడు తనే ప్రైమర్ కొట్టింది, నేను టార్చి పట్టుకుని బోల్టు బిగించాను. పావుగంటలో కదిలాం.

మాది పెట్రోల్ బండి. ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోల్‌తో ఇబ్బందా?

పాత రబ్బరుకి ఇబ్బందే. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రోజుల హోసులు, కార్బొరేటర్ గాస్కెట్లు, పంపు డయాఫ్రం దానికి ఉబ్బుతాయి, పగులుతాయి. కారిన పెట్రోల్ వేడి ఇంజిన్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, అందులోనూ ఓమ్నిలో ఇంజిన్ మన సీటు కిందే ఉంటుంది. ఇథనాల్‌కి తట్టుకునే హోసులని అడిగి మరీ వేయించండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి బండి ఆపేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచకండి.

వైరింగ్ మొత్తం మార్చాలా?

ముప్ఫై ఏళ్ళు దాటిన బండి అయితే మార్చడమే మేలు. పైన ప్లాస్టిక్ బాగున్నా లోపల రాగి పచ్చబడి ఉంటుంది, కొంచెం గీకి చూడండి. ఒక్కో లైనుకి విడిగా ఫ్యూజు, హెడ్‌లైట్లకి రిలే పెట్టించండి. పాత బండ్లలో లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండానే పోతుంది, రిలే పెడితే స్విచ్చి కాలదు, వెలుగు కూడా స్పష్టంగా పెరుగుతుంది. బాడీకి ఎర్త్ తగిలే చోట్లన్నీ గీకి, బిగించి, గ్రీజు రాయండి. బండి కాలిపోయే ప్రమాదం ఎక్కువగా ఇక్కడే ఉంది. రెండు కిలోల పౌడరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి, వెనక మంచం కింద కాదు.

లోపల ఫ్యాను, ఫ్రిజ్, ఏసీ కావాలంటే?

ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్ వరకు హాయిగా నడుస్తాయి. ఇంటి వాడకానికి రెండో బ్యాటరీ విడిగా పెట్టించి, ఇంజిన్ బ్యాటరీకి సంబంధం లేకుండా ఐసొలేటర్ వెయ్యండి. లేకపోతే రాత్రంతా ఫ్యాను తిరిగితే పొద్దున్న సెల్ఫ్ తిరగదు. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 1.2 యూనిట్ల కరెంటు ఉంటుంది. ముప్ఫై వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా అందులో పావువంతు పోదు. అదే టన్ను ఏసీ పెడితే గంటకే ఖాళీ. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకోవడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

చెక్కపనికి ఏం వాడాలి?

మెరైన్ ప్లై, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మామూలు ప్లై మన వానాకాలం రెండు చూస్తే పొరలు లేస్తుంది. మంచం పట్టీలు సందులిచ్చి కొట్టించండి, పలకలా మూసేస్తే పరుపు కింద చెమ్మ చేరి బూజు పడుతుంది. మన కొబ్బరిపీచు పరుపు గాలి ఆడితే చాలా బాగుంటుంది, గాలి ఆడకపోతే అదే మొదట పాడవుతుంది. వేడి దిగకుండా పైకప్పుకి అతికే ఫోమ్ షీట్లు నీళ్ళు పీల్చనివి తీసుకోండి. గ్లాస్ ఊల్ వద్దు, అది చెమ్మ పట్టుకుని రేకుకి ఆనించి ఉంచుతుంది. అన్ని కిటికీలకీ దోమతెర. ఇది ఎవరికి చెప్పినా చెప్పకపోయినా గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు.

గ్యాస్ స్టవ్ లోపల పెట్టొచ్చా?

మేం పెట్టలేదు. వెనక డోరు ఎత్తి, దాని కింద మడత బల్ల వేసుకుని బయటే వండుకున్నాం. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారితే నేలమీదే పరుచుకుని మంచాల కిందకి చేరుతుంది, వాసన ముక్కుకి తగిలేసరికే ఆలస్యం. లోపలే కావాలంటే ఐదు కిలోల చిన్న సిలిండర్ నిలబెట్టి పట్టీతో కట్టే విడి అర, ఆ అర అడుగున బయటికి చిల్లు తప్పనిసరి. రబ్బరు ట్యూబు మీద గడువు తేదీ చూసుకోండి. సిలిండర్ వాల్వు ప్రతి మజిలీ తరవాతా కట్టెయ్యాలి. ఆవకాయ, కందిపొడి, చింతపండు పులుసు ముద్ద ఇంటి నుంచి తీసుకెళ్తే పూటకి ఒక్క అన్నం వండుకుంటే సరిపోతుంది.

ఎంత బరువు వెయ్యొచ్చు?

ఆర్సీలో రాసిన మొత్తం బరువు దాటకుండా. ఊహించి చెప్పకండి, సామానంతా సర్ది, మనుషులు కూడా ఎక్కి, దగ్గర్లో రైసుమిల్లు వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. మా బండి అలా తూచినప్పుడే తెలిసింది, పైన క్యారియర్ మీద పెట్టిన నీళ్ళ ట్యాంకు ఒక్కటే నిండితే వంద కిలోలని. దింపేసి, లోపల ముందు సీటు వెనకాల ఇరవై లీటర్ల క్యాన్లు మూడు పెట్టాం. మటడోర్‌లో వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాలు తేలికై ఎత్తు మీద పట్టు తప్పి తిరుగుతాయి. అందుకే బరువంతా ముందుకీ కిందకీ సర్దుకోవాలి.

కాగితాల సంగతి? వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోతుందా?

వింటేజ్ పేరు విని చాలామంది పొరపడుతున్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే అది. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది. కానీ ఆ బండి ప్రదర్శనకీ, వింటేజ్ ర్యాలీకీ, రిపేరుకీ, ఆయిలు కొట్టించుకోవడానికీ తప్ప రోడ్డు మీద మామూలుగా తిప్పకూడదు. లోపల మంచాలు పెట్టి ఊళ్ళు తిరగాలనుకునేవాళ్ళకి అది పనికిరాదు.

మనకి కావాల్సింది మామూలు ఆర్సీ. సొంత బండికి 15 ఏళ్ళ తరవాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారికి చూపించాలి. గూడ్స్ బండిగా ఉన్నది ముందు సొంత వాడకం బండిగా మార్పించుకోవాలి, మాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఆ పనికే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. కప్పు ఎత్తు పెంచడం, సీట్లు పీకేసి వెల్డింగ్‌తో మంచాలు బిగించడం లాంటివి మొదలుపెట్టేముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. మేం సీట్లు అలాగే ఉంచి, విప్పి తీసెయ్యగలిగే మడత పడకలే పెట్టాం. ఇన్సూరెన్సు, పొల్యూషన్, గ్రీన్ ట్యాక్స్ రసీదు, ఫాస్టాగ్ కూడా చూసుకోండి. వేరే రాష్ట్రంలో పాత బండి కనబడగానే ఆపుతారు, అన్నీ ఉంటే రెండు నిమిషాల్లో పంపేస్తారు.

ట్రయల్ ఎక్కడ వెయ్యాలి?

మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి 80 కిలోమీటర్ల పైనే, రంపచోడవరం మీదుగా. అక్కడ్నుంచి చింతూరు వైపు ఘాటు ఎక్కి దిగండి. సామాను పూర్తిగా వేసుకుని, మనుషులందరితో వెళ్ళాలి, ఖాళీ బండితో వెళ్తే ట్రయల్ కాదు.

ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు మీద కన్ను ఉంచండి. పైకి చేరాక వెంటనే ఇంజిన్ ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో వదలండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరు, న్యూట్రల్ ఊసే వద్దు. కిందికి వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, డ్రమ్ముని ముట్టుకోకండి. మా బండి ఎడమ వెనక చక్రం దగ్గర మాత్రమే సెగ కొట్టింది, కాలిన వాసన. విప్పిస్తే అక్కడి వీల్ సిలిండర్ పట్టేసి, బ్రేకు షూ డ్రమ్ముని వదలట్లేదు. అంతకు ముందు వారమే ఒక షెడ్డులో బ్రేకులన్నీ చేశామని డబ్బు తీసుకున్నారు. మా ఊళ్ళో నెలరోజులు తిప్పినా అది తెలిసేది కాదు.

వెంట ఏ స్పేర్లు తీసుకెళ్ళాలి?

ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోసులు, క్లిప్పులు, డీజిల్ ఫిల్టర్లు రెండు, క్లచ్ కేబులు, హీటర్ ప్లగ్గులు, ఫ్యూజులు, బల్బులు, ముందు చక్రం బేరింగ్ సెట్టు, రాగి వాషర్లు, ఐదు లీటర్ల ఇంజినాయిలు, సీలు తియ్యని బ్రేక్ ఆయిలు, ఎం-సీల్, బైండింగ్ వైరు, లాగే తాడు. జాకీ కింద వెయ్యడానికి అడుగు వెడల్పు టేకు చెక్క మరిచిపోవద్దు, మన మెత్త మట్టిలో జాకీ ఒక్కటే పెడితే బండి లేవదు, జాకీ దిగిపోతుంది.

ఎప్పుడు బయల్దేరితే మంచిది? రోజుకి ఎంత దూరం?

సంక్రాంతి వెళ్ళాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం, ఏప్రిల్ దాటితే ఇంజిన్‌కీ మనకీ కూడా ఎండ కష్టం. జనవరి, ఫిబ్రవరిల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది కాబట్టి ఎనిమిది తరవాతే కదలండి. 60 దాటని వేగం, రోజుకి 200 నుంచి 250 కిలోమీటర్లు. రెండు గంటలకోసారి ఆగి, టైర్లూ బండి కింద మరకలూ చూసుకోవాలి.

రాత్రిళ్ళు ఎక్కడ ఆపుకోవాలి?

లారీలు ఆగే పెద్ద బంకులు, దాబాలు, గుడి సత్రాల ఆవరణలు. అడిగి ఆపండి, కుటుంబం ఉందని చెప్తే ఎవరూ కాదనరు. కాలవగట్టు మీద, ఇసక తిన్నె మీద, కొబ్బరిచెట్టు కింద ఆపొద్దు. మొదటి రెండిట్లో చక్రాలు దిగిపోతాయి, మూడోదాన్లో అద్దం పగులుతుంది.

టాయిలెట్ పెట్టించుకోవాలా?

బంకుల్లో సరిపోతుంది. ఇంట్లో వృద్ధులుంటే విడిగా తీసెయ్యగలిగేది ఒకటి పెట్టుకోండి.

మొదటి రోజు ఎక్కడిదాకా వెళ్ళమంటారు?

దక్షిణం వైపు వెళ్ళేవాళ్ళయితే విజయవాడ, అంతకు మించి వద్దు. ఎంత బాగు చేయించినా మొదటి 150 కిలోమీటర్లలో ఏదో ఒకటి బయటపడుతుంది, క్లిప్పో, నట్టో, ఎక్కడో చిన్న కారుడో. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పాత బండి సామాను అరుదు, లేతు పనివాళ్ళు కూడా అక్కడే ఉంటారు. సాయంత్రం నాలుగింటికల్లా చేరుకుని, బండి చల్లారాక కింద ఒక పాత న్యూస్‌పేపరు పరిచి ఉంచండి. పొద్దున్న పేపరు మీద ఎక్కడ ఏ రంగు మరక పడిందో చూడండి. నల్లగా ఉంటే ఇంజినాయిలు, ఆకుపచ్చగా ఉంటే కూలెంటు, చక్రం దగ్గర తడి ఉంటే బ్రేక్ ఆయిలు. చక్రం దగ్గర తడి కనబడితే అది బాగయ్యే దాకా కృష్ణ దాటకండి.